ఊఁ, ఊహూఁ

మార్కాపురం,
జూలై 8.

సరళా,

మీ అడవి బడికి ఫోను పలకకపోవడం నాకు ఒక విధంగా మేలే. ఫోనులో నేను ఊఁ కొట్టడం తప్ప ఏమీ మాట్లాడనని నువ్వే అంటావు. కాగితం మీదైతే కాస్త నయం.

నిన్న మన కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం మీటింగు జరిగింది. అమ్మ ఇల్లు నా పేరుకు మారాక నన్ను ఉపాధ్యక్షురాలిని చేశారు. ఎందుకో నీకు తెలుసు. ఒక ఆడమనిషి ఉండాలి, ఆ మనిషి మాట్లాడకూడదు. అధ్యక్షుడు ఎప్పటిలాగే మీ నాయన, మా బ్రహ్మం పెదనాయన. ఆయన పక్కన కూర్చుని నీళ్ళ సీసా అందించడం నా పని.

అలివేలవ్వ మేకల సంగతి చివర్లో వచ్చింది. మూల ఇంటి వెనక పలకరాళ్ళు నిలబెట్టి కట్టిన ఆవిడ దొడ్డి నీకు గుర్తుంటుంది. పలకల ఫ్యాక్టరీ స్థలం ప్లాట్లయినప్పుడు అందరికన్నా ముందు ఇల్లు కట్టుకున్నది ఆవిడే. మేకలు అప్పటినుంచీ ఉన్నాయి. వాసన వస్తోందని, దోమలు పెరిగాయని కార్యదర్శి సుమన్ గారు తీర్మానం పెట్టారు. కాలనీలో ఎవరూ జీవాలను ఉంచకూడదు, దొడ్డి తీసేయాలి.

పెదనాయన లేచి, "అందరికీ సమ్మతమేనా?" అన్నారు. ముందు వరసల్లో ఊఁ అన్నారు. వెనకనుంచి అలివేలవ్వ ఊహూఁ అంది. ఆవిడ చుట్టుపక్కల ఇంకొందరు కూడా అన్నారు. నోరు తెరవకుండా, మనవాళ్ళు అనేటట్టే. నాకు స్పష్టంగా వినిపించింది. పెదనాయన నవ్వి, "ఏకగ్రీవం. రాసుకో సుమన్," అన్నారు. కాదనేవాళ్ళు ఉన్నారా అని అడగనే లేదు.

కాన్వెంటులో సిస్టర్ ఫిలోమినా మనల్ని ఊఁ అననిచ్చేవారు కాదు, గుర్తుందా? "నోరు తెరిచి ఎస్ అనండి, నో అనండి. ముక్కుతో మాట్లాడేది గేదెలు" అనేవారు. ఆవిడ నిన్న హాల్లో ఉండాల్సింది.

విచిత్రమేమిటంటే అలివేలవ్వ గొడవ చేయలేదు. తాను కాదంది కాబట్టి సంగతి అక్కడితో తెగిపోయిందనుకుంది. ఏకగ్రీవం అన్న మాట ఆవిడకు తెలియదు. ఇంటికి వెళ్ళి మేకలకు ఆకు వేసింది. ఈ పొద్దున తలుపుకు నోటీసు అంటించి ఉంది. వచ్చే నెల మీటింగు అయిన మరునాడు జేసీబీ వస్తుందట. నాచేత చదివించుకుని, "ఊహూఁ అన్నా గదా పాపా! ఇంకెట్ల చెప్పాల? డప్పు కొట్టి చెప్పాల్నా?" అంది.

కొడుకు కాటమరాజు పొద్దున్నే మందను గుట్టకు తోలుకుపోతాడు. చూలు మేకలూ పిల్లలూ దొడ్డిలోనే ఉంటాయి. దొడ్డి పోతే మంద పోతుంది. మంద పోతే వాళ్ళిద్దరికీ ఇంకో బతుకు లేదు.

నీళ్ళ పైపు కోసం మీ నాయన ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కారో నాకు తెలుసు. అందుకే నిన్నే అడుగుతున్నాను. ఆయన వినీ విననట్టు ఎందుకు చేశారంటావు?

యశోద


పెద్దదోర్నాల దాటి, ఆశ్రమ పాఠశాల,
జూలై 15.

యశూ,

నీ ఉత్తరం తడిసి వచ్చింది. ఇక్కడ వాన విడవడం లేదు. మా పిల్లలకు వాన అంటే సెలవు అని అర్థం. వాళ్ళను తరగతిలో కూర్చోబెట్టడం కన్నా నీ అలివేలవ్వ మేకలను కూర్చోబెట్టడం తేలికేమో.

నాయన అట్లాంటి మనిషి కాదు. నువ్వు చిన్నప్పటినుంచి చూశావు. ఆయనకు కోపం రావచ్చు, మొండిపట్టు ఉండవచ్చు, దొంగ లెక్క మాత్రం ఆయన చేతకాదు. ఆ హాల్లో ఫ్యాన్లు ఎడ్లబండి ఇరుసులాగా అరుస్తాయి. ఎవరు ఏమన్నారో తేలి ఉండదు.

నువ్వే ఒకసారి ఆయన దగ్గరికి పో. పక్కనుంచో వెనకనుంచో మాట్లాడకు, ఆయనకు నచ్చదు. ఎదురుగా, వెలుతుర్లో నిలబడి నిదానంగా చెప్పు. నీ గొంతు అసలే చీమ గొంతు. చెప్తే వింటాడు.

ఉత్తరం రాస్తూ ఉండు. టపా తెచ్చే సాయంత్రం బస్సు హారన్ వినపడితే పిల్లలు "అక్కా, నీ యశోద వచ్చింది" అని పరుగెత్తుతారు.

సరళ


మార్కాపురం,
జూలై 21.

సరళా,

వెళ్ళాను. పెదనాయన వరండాలో పేపరు చదువుకుంటున్నారు. చీకటి పడుతోంది. మెట్ల పక్కన నిలబడి చాలాసేపు ధైర్యం కూడగట్టుకున్నాను. చివరికి, "పెదనాయనా, ఆ రోజు అలివేలవ్వ ఊహూఁ అంది," అన్నాను.

ఆయన పేపరు మడవకుండానే, "ఊఁ, అంతే గదమ్మా. అందరూ ఊఁ అన్నారు. మంచి పని జరిగినాది," అన్నారు.

నా మాటనే తిప్పి నాకు ఇచ్చారు. అంత ప్రశాంతంగా అబద్ధమాడే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇంటికి వచ్చి సంఘం నియమావళి చదివాను. చదవడం ఒక్కటే కదా నాకు చేతనైన పని. ఒక సమావేశం చేసిన తీర్మానాన్ని తరువాతి సమావేశం ఖాయం చేసేదాకా అమలు చేయకూడదు. ఖాయం చేసేముందు, అధ్యక్షుడు చెప్పిన ఫలితం తప్పని ఏ సభ్యుడైనా అభ్యంతరం చెప్పవచ్చు. అప్పుడు ఆ ఒక్క అంశం వరకు అధ్యక్షుడు కుర్చీ దిగాలి, ఉపాధ్యక్షుడు ఎక్కాలి. అంటే నేను.

కుర్చీలో ఉన్నవాళ్ళకు చాలా అధికారం ఉంది. ఎవరు మాట్లాడాలో, ఎవరు ఆపాలో, ఓటు ఎట్లా తీసుకోవాలో వాళ్ళదే నిర్ణయం. కానీ ఏ పక్షమూ పట్టకూడదు. తాము చూసిందీ విన్నదీ సాక్ష్యం చెప్పకూడదు. కాబట్టి నాకు రెండు దారులు. లేచి నిలబడి నేను విన్నది చెప్పాలంటే కుర్చీ వదులుకోవాలి, అప్పుడు సుమన్ గారు కూర్చుంటారు. కుర్చీ ఎక్కాలంటే నేను విన్నది మింగాలి.

అభ్యంతరం అలివేలవ్వే చెప్తానంది. మాట నేర్పిస్తున్నాను. "అబ్బెంతరం" అంటోంది. "అడ్డం అంటే చాలదా పాపా? మేక అడ్డం తిరిగితే ఎవురికైనా తెలుస్తాది," అని నవ్వింది. తరువాత, "ఎందుకులే ఈ చదువు. మీ అధ్యక్షుని ముందర మాట్లాడేది చెవిటోని ముందర శంఖమూదినట్టే," అంది. నాకూ నవ్వొచ్చింది. అంతకన్నా సరిగ్గా ఎవరు చెప్పగలరు?

యశోద


ఆశ్రమ పాఠశాల,
జూలై 27.

యశోదా,

ఆ సామెత నీకు నవ్వు తెప్పించినందుకు సంతోషం. నా తండ్రి గురించి కాలనీలో ఎవరు ఏం కూస్తున్నారో ఏరి నాకు పంపమని నేను అడగలేదు.

వెలుతుర్లో, ఎదురుగా అని రాశాను. చీకట్లో మెట్ల చాటున గొణిగి వచ్చి ఆయన అబద్ధమాడాడంటున్నావు. పుస్తకాలు అన్ని చదివావు, ఒక మనిషి ముందు నిలబడి మాట్లాడటం మాత్రం నేర్చుకోలేదు.

మేకల మీద ఉన్న దయలో కాస్త ఆయన మీద కూడా ఉంచు.

సరళ


మార్కాపురం,
ఆగస్టు 3.

సరళకు,

నీ ఉత్తరం అందింది. ఒక సామెతకు అంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు. అడగను.

మనిషి ముందు నిలబడటం నేర్చుకోలేదన్న మాట నిజం. అందుకే నిర్ణయించుకున్నాను. ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం మీటింగు. కుర్చీ వదులుకుంటాను. మైకు పట్టుకుని, నేను వేదిక మీద అధ్యక్షుల వారి పక్కనే ఉన్నాను, ఊహూఁ అన్నది నాకు వినపడింది, అంతే దూరంలో ఉన్న ఆయనకు వినపడకపోవడానికి వీల్లేదు, తెలిసే తప్పు ఫలితం చెప్పారు అని అంటాను.

ఆ రోజు ఊహూఁ అన్న సరస్వతమ్మ గారిని అడిగాను, మీరూ చెప్తారా అని. "మా కొళాయిలో నీళ్ళు తెప్పించినాయన ఆయన. ఆయన మొహం మీద ఎట్ల చెప్తానమ్మా," అన్నారు. ఇంకెవరూ చెప్పరు. నేనే చెప్పాలి.

సుమన్ గారు జేసీబీ మాట్లాడి ఉంచారు. నిన్న అలివేలవ్వ దొడ్డిలో ఒక మేక ఈనింది. పుట్టిన పిల్లకు ఆవిడ ఇంకా పేరు పెట్టలేదు. పెట్టి ఏం లాభం అంటోంది.

ముందుగా నీకు చెప్పడం నా ధర్మం కనుక రాశాను.

యశోద


ఆశ్రమ పాఠశాల,
ఆగస్టు 7.

యశూ,

ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా, మార్కాపురం వస్తున్న మా వార్డెన్ చేతికి ఇస్తున్నాను. చదివి చించేయి.

నాయనకు చెవులు వినపడటం లేదు.

ఒక్కసారిగా జరిగింది కాదు. నిరుడు వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు కుక్కరు కూత పెడుతుంటే పక్కనే కూర్చుని, "అమ్మ ఇంకా పొయ్యి ముట్టించలేదా?" అన్నాడు. రథం రోజు బాణసంచా పేలుతుంటే పొగ చూసి తల తిప్పాడు. ఇప్పుడు ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి గ్రహిస్తాడు. వెనకనుంచి వచ్చేది మాట కాదు ఆయనకు, ఒట్టి మూలుగు. ఊఁ అన్నా ఊహూఁ అన్నా అక్కడ పెదాలు కదలవు కదా యశూ. ఆయనకు రెండూ ఒకటే. ఏది వినపడకపోయినా ఊఁ అంటాడు, నవ్వుతాడు. ఆ నవ్వు నువ్వు చూశావు. ఆ చీకట్లో నువ్వు మీటింగు సంగతి ఎత్తావని తప్ప ఏమన్నావో ఆయనకు చేరి ఉండదు.

డాక్టరు దగ్గరికి పోదామంటే నా నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు, ఎవరికీ చెప్పకూడదని. "అధ్యక్షుడు అంటే మాట్లాడేటోడు కాదమ్మా, వినేటోడు. వినపడదని తెలిస్తే ఇంక నన్నెవురు కూసోబెడతారు?" అన్నాడు. ఉద్యోగం అయిపోయాక ఆయనకు మిగిలింది ఆ కుర్చీ ఒక్కటే. అందుకే నీకు చెప్పలేదు. అందుకే ఆ సామెత నన్ను అట్ల కోసింది.

నువ్వు నిలబడి ఆయన అబద్ధమాడాడని చెప్తే, ఆయన కాదనడు. చెవిటివాడనిపించుకోవడం కన్నా దొంగ అనిపించుకోవడమే మేలనుకుంటాడు. నాకు తెలుసు.

ఇంక నీ చేతిలో ఉంది. ఈ ఒక్క మాట మైకులో చెప్తే నువ్వు గెలుస్తావు, అవ్వ మేకలు మిగులుతాయి. చెప్పవద్దని అడిగే హక్కు నాకు లేదు. ఆవిడ బతుకు సంగతి అది. అడగడం లేదు.

సరళ


మార్కాపురం,
ఆగస్టు 12.

సరళా,

నీ ఉత్తరం చించేశాను. నిన్నటి సంగతి జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాలు నిండింది. పాత తీర్మానాలు ఖాయం చేయమని సుమన్ గారు చదవడం మొదలుపెట్టారు. మేకల సంగతి రాగానే అలివేలవ్వ లేచి, "అధ్యక్షా! నాకు అబ్బెంతరం!" అని అరిచింది. హాలంతా నవ్వింది. పెదనాయన కూడా నవ్వారు, అందరూ నవ్వుతున్నారు కాబట్టి. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలియలేదని ఆ హాల్లో నాకు ఒక్కదానికే తెలుసు.

నేను లేచి ఆయన ఎదురుగా వెళ్ళి, లైటు కింద నిలబడి, "పెదనాయనా, ఫలితం మీద అభ్యంతరం వచ్చింది. నియమం ప్రకారం ఈ అంశానికి నేను కూర్చోవాలి," అన్నాను. ఆయన నా మొహాన్ని చూస్తూ ఉండిపోయారు. తరువాత కండువా సర్దుకుని కిందికి దిగి ముందు వరసలో కూర్చున్నారు.

అంటే నేను కుర్చీ ఎక్కాను. విన్నది మింగాను.

అలివేలవ్వను మాట్లాడమన్నాను. "ఆ దినం నేను ఊహూఁ అన్నా. ఏకగీవమో ఏందో రాసినారు. నా గొంతు కూడా అందులో కలిపేసినారు. నా గొంతు నాకియ్యండి," అంది. కూర్చుంది.

సుమన్ గారు లేచారు. "ఏంది, ఊహూఁ అంటే అధ్యక్షునికి వినపడలేదంటావా? ఆయనకేమన్నా చెవుడా?" అన్నారు. మళ్ళీ నవ్వులు. పెదనాయన సుమన్ గారి నోటివైపే చూస్తున్నారు. ఆ మాట ఆయనకు అందింది. మొహంలో రక్తం లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తలుపు ఎవరైనా తోస్తారేమోనని లోపల నిలబడ్డ మనిషిలాగా కూర్చున్నారు.

అలివేలవ్వ నావైపు చూసింది. నేను ఒక్క మాట అంటే అయిపోయేది.

"సుమన్ గారూ, ఆ మాట ఈ అంశానికి సంబంధించినది కాదు. కూర్చోండి," అన్నాను.

"నేను అడిగినదానికి..."

"కూర్చోండి. అధ్యక్షస్థానం చెప్తోంది."

కూర్చున్నారు. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

తరువాత చెప్పాను. ఫలితం మీద తగువు వచ్చింది కాబట్టి ఓటు మళ్ళీ తీసుకుంటున్నాను. ఈసారి గొంతుతో కాదు. ఇకమీదట ఈ హాల్లో ఊఁ గానీ ఊహూఁ గానీ ఓటు కాదు. దొడ్డి తీసేయాలనేవాళ్ళు చేతులెత్తండి.

ఎత్తారు. పెదనాయన కూడా ఎత్తారు. ఆయనకు నిజంగానే మేకల వాసన గిట్టదు, ఆ హక్కు ఆయనది.

తీసేయకూడదనేవాళ్ళు ఎత్తండి అన్నాను.

అలివేలవ్వ చెయ్యి ఒక్కటే లేచింది.

ఇదే నా భయం సరళా. చీకట్లో గొంతు కలపడం తేలిక, చెయ్యి అందరికీ కనపడుతుంది. నీళ్ళు తెప్పించిన మనిషి ముందు ఎవరు ఎత్తుతారు? "అయిపోయింది, రాసేస్తున్నా," అన్నారు సుమన్ గారు.

"కాలేదు. ఎప్పుడు అయిపోయిందో చెప్పేది నేను," అన్నాను.

ఊరుకున్నాను. ఎదురుచూశాను. మాట్లాడకుండా కూర్చోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య కదా, హాల్లో ఇంకెవరికీ అది రాదు. కాళ్ళు కదిలించారు, దగ్గారు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. సరస్వతమ్మ గారు నన్నే చూస్తున్నారు. నేనూ ఆవిడను చూస్తూ ఉన్నాను. ఆవిడ పైట భుజం మీదికి లాక్కుని, ఆ చేతిని దించకుండా అట్లాగే పైకి ఎత్తేశారు. "నేనప్పుడూ ఊహూఁ అనే అన్నా," అన్నారు, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు. ఆవిడ వెనక ఒకరు. ఇటుపక్క ఇంకొకరు. తరువాత లెక్కించడానికి నేను లేవాల్సి వచ్చింది.

పెదనాయన వెనక్కి తిరిగి చూశారు. ఒక్కో చేతినీ చూశారు. వేలు ఆడిస్తూ ఆయనే లెక్కపెట్టుకున్నారు. నా లెక్కా ఆయన లెక్కా ఒకటే. తీర్మానం వీగిపోయింది.

అందరూ వెళ్తుంటే ఆయన నా దగ్గరికి వచ్చారు. "ఆ దినం కూడా ఇన్ని చేతులు ఉన్నాయా అమ్మా?" అన్నారు.

ఎదురుగా నిలబడి, నిదానంగా, "ఆ రోజు చేతులు అడగలేదు పెదనాయనా. అంతే," అన్నాను.

ఆయన నా పెదాల మీదనుంచి చూపు తీసి కళ్ళలోకి చూశారు. ఏదో తెలిసినట్టు చూశారు. వెళ్ళిపోయారు. నేను తప్పు చేశానేమో, నువ్వు ఒట్టు తప్పావని నావల్ల ఆయనకు తెలిసిపోయిందేమో అని రాత్రి నిద్ర పట్టలేదు.

అలివేలవ్వ దొడ్డి ముందు మురుగు పారే మోరీ తానే ఎత్తిపోస్తానంది. మేకపిల్లకు పేరు పెట్టింది. అబ్బెంతరం.

యశోద


ఆశ్రమ పాఠశాల,
ఆగస్టు 26.

యశూ,

నిన్న నాయన వచ్చాడు. చెప్పాపెట్టకుండా శ్రీశైలం బస్సెక్కి, దోర్నాలలో దిగి, ఆటోలో ఇక్కడిదాకా వచ్చాడు. చేతిలో ఒక సంచి నిండా సీతాఫలాలు. ఈ అడవిలో కాసినవే దోర్నాల సెంటర్లో కొని, తిరిగి ఈ అడవికే తెచ్చాడు. మా పిల్లలు పడీపడీ నవ్వారు. ఆయనా నవ్వాడు.

వరండా మెట్ల మీద కూర్చున్నాం. లోపల పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. నాయన సంచిలోంచి ఒక కాయ తీసి నా చేతికి ఇచ్చాడు. తరువాత, "సుమన్ ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల ఔననొచ్చు. అనలేదు. నా ముందరికి వచ్చి నిలబడి మాట్లాడినాది, వెలుతుర్లో. అంత తెలివి ఊరికే రాదు," అన్నాడు.

నేను సీతాఫలం ఒలుస్తున్నాను.

"యశోదకు నువ్వేమన్నా చెప్పినావా?" అని అడిగాడు.

ఆయన మొహం చూడలేకపోయాను. తల వంచుకుని, గింజలు ఏరుతూ, ఊహూఁ అన్నాను.

ఆయన సంచి పక్కకు జరిపాడు. నా తల మీద, ఒట్టు పెట్టించుకున్న చోటనే, చెయ్యి పెట్టాడు.

"మంచి పని చేసినావులే," అన్నాడు.

ఆయనకు ఏది వినపడిందో నేను అడగలేదు. వచ్చే సోమవారం నన్ను సెలవు పెట్టమన్నాడు. చెవుల డాక్టరు దగ్గరికి ఒంటరిగా పోతే, ఆ డాక్టరు అడిగేది తనకు ఎవరు చెప్పాలన్నాడు.

సరళ